అక్వేరియం నీళ్ళు మసకబారాయా? ముందు ఒక గ్లాసులో పట్టి చూడండి

తొట్టిలో నీళ్ళు మసకబారగానే ఎక్కువమంది చేసే పని ఒకటే. చేపల్ని బకెట్‌లోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద రుద్ది రుద్ది కడిగి, మళ్ళీ కొత్త నీళ్ళు పట్టడం. ఆ సాయంత్రం తొట్టి అద్దంలా మెరుస్తుంది. మూడు నాలుగు రోజులు తిరిగేసరికి మళ్ళీ పాలు ఒలికినట్టు తయారవుతుంది, ఈసారి ఒకటి రెండు చేపలు కూడా పోవచ్చు. మురికి అనుకుని కడిగేసిన ఆ జిడ్డులోనే తొట్టిని కాపాడే బ్యాక్టీరియా ఉంది మరి. మసకను పోగొట్టడం నిజానికి పెద్ద పని కాదు. అదేం మసకో తేల్చుకోకుండా చెయ్యి పెడితేనే చిక్కు.

నీళ్ళలో తేలుతున్నది రాళ్ళ దుమ్ము కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు, నాచు కణాలు కావచ్చు, సున్నం కావచ్చు, ఒట్టి గాలి బుడగలు కూడా కావచ్చు. ఒకదానికి విరుగుడు ఇంకొకదానికి ఎరువవుతుంది.

గ్లాసు పరీక్ష

మచ్చల్లేని గాజు గ్లాసులో తొట్టి మధ్య నుంచి నీళ్ళు ముంచి, వెనక తెల్ల కాగితం పెట్టి వెలుతురులో చూడండి. తొట్టిలోనే చూస్తే లైటు రంగు, వెనక అతికించిన పోస్టరు రంగు కలిసి కళ్ళను మోసం చేస్తాయి.

ఒకటి రెండు నిమిషాల్లో అడుగు నుంచి పైకి తేటపడుతూ వస్తే అవి సన్నటి గాలి బుడగలు. ఫిల్టర్ ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా నీటి మట్టం తగ్గి పంపు నోరు బయటపడింది. మట్టం సరిచేస్తే పోతుంది. గంట రెండు గంటలు కదపకుండా ఉంచితే అడుగున పొడిలా పేరుకుందంటే దుమ్ము, లేదా రాళ్ళలోంచి లేచిన వ్యర్థం. ఎంతసేపు ఉంచినా బియ్యం కడుగులా అలాగే ఉంటే బ్యాక్టీరియా. లేత పచ్చగా కనిపిస్తే నాచు. రంగు మాత్రం పసుపు, తేనె రంగు, కానీ అవతలి అక్షరాలు స్పష్టంగా చదవగలుగుతుంటే అది అసలు మసకే కాదు, తొట్టిలో అలంకారంగా పెట్టిన చెక్క నుంచి ఊరిన రంగు.

తెల్లగా ఉండి ఏదీ తేలకపోతే గ్లాసులో ఒక చెంచా వెనిగర్ కలపండి. కాసేపట్లో తేటపడితే అది సున్నం పొడి. ఈ పరీక్ష గ్లాసులోనే చేయాలి, తొట్టిలో వెనిగర్ పోయొద్దు.

దీంతోపాటు ఒక ప్రశ్న వేసుకోండి: గత వారం పది రోజుల్లో ఏం మారింది? కొత్త చేపలు, కొత్త మేత, మందు, ఫిల్టర్ కడగడం, కరెంటు పోవడం, కిటికీ తెర తీసేయడం. కారణం సగానికి సగం సార్లు ఈ జాబితాలోనే దొరుకుతుంది.

నింపిన రోజే మసకగా ఉంటే

ఇది దుమ్ము. రాళ్ళను సరిగా కడగలేదు. కొత్త గ్రావెల్ ప్యాకెట్ మీద 'కడిగినది' అని రాసి ఉన్నా నమ్మొద్దు. బకెట్‌లో మూడో వంతు రాళ్ళు పోసి, నీళ్ళు ధారగా వదిలి, చేత్తో అడుగు నుంచి కలియబెట్టి వంచేయండి. ఎనిమిది పది సార్లు ఇలా చేస్తేగానీ వంచిన నీళ్ళు తేటగా రావు. సన్న ఇసుకకు ఇంకా ఎక్కువసార్లు పడుతుంది. సబ్బు, డిటర్జెంట్ దగ్గరికి కూడా రానీయొద్దు. మొక్కల కోసం అమ్మే పోషక మట్టిని మాత్రం ఇలా కడగకూడదు, గుళికలు చితికి బురదవుతాయి.

నింపేటప్పుడు రాళ్ళ మీద ఒక పళ్ళెం బోర్లించి, నీటి ధార దాని మీద పడేలా పోయండి. ఇప్పటికే మసక అయిపోయి ఉంటే ఖాళీ చేయనక్కర్లేదు. ఫిల్టర్‌లో స్పాంజ్ తర్వాత తెల్లటి పాలిస్టర్ దూది ఒక పొర పెట్టి నడపండి. ఒకటి రెండు రోజుల్లో తేటపడుతుంది. ఆ దూది త్వరగా మూసుకుపోతుంది, ధార తగ్గిందనిపించగానే పారేసి కొత్తది పెట్టాలి.

రెండో రోజు నుంచి తెల్లగా మారితే

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేదీ, అందరూ ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే.

తొట్టిలో రెండు రకాల బ్యాక్టీరియా పని చేస్తుంది. ఒకటి మిగిలిపోయిన మేత, చేపల రెట్ట, కుళ్ళిన ఆకుల్ని తిని బతికేది. దానికి తిండి దొరికితే గంటల్లో రెట్టింపవుతుంది, నీళ్ళలో స్వేచ్ఛగా తేలుతుంది, కంటికి మసకలా కనిపించేది అదే. రెండోది చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది. ఇది రాళ్ళకూ స్పాంజ్ రంధ్రాలకూ అంటుకుని ఉంటుంది, నీళ్ళలో పెద్దగా తేలదు, రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. కొత్త తొట్టిలో ఈ రెండోది తగినంత పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటిది ఆలోపే ఎగబడి నీళ్ళను తెల్లగా చేస్తుంది. తిండి అయిపోగానే దానంతట అదే అణగిపోతుంది, దీనికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు.

కాబట్టి కొత్త తొట్టిలో చేపలింకా వేయకపోతే చేయాల్సింది ఏమీ లేదు. ఫిల్టర్ ఆపకుండా నడపండి, ఓపిక పట్టండి.

చేపలు ఉంటే రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది గాలి. తేలే బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. చేపలు, ముఖ్యంగా తెల్లవారుజామున, పైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంటే ఎయిర్ పంపుకు ఎయిర్ స్టోన్ (గాలిని సన్నటి బుడగలుగా వదిలే రంధ్రాల రాయి) తగిలించి రాత్రింబవళ్ళు నడపండి. బుడగల కంటే అవి నీటి పైపొరను కదిలించడమే ముఖ్యం, ఆక్సిజన్ ఎక్కువగా కలిసేది అక్కడే. రెండోది అమ్మోనియా. మసక చేపను చంపదు, దానితోపాటు పెరిగే అమ్మోనియా చంపుతుంది. చుక్కల మందుతో రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి ఇంట్లో ఉండాల్సిందే, మసక పోగొట్టే సీసాలు పది కొనేకంటే అది మేలు.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. 0.25 పీపీఎం (అంటే లీటరుకు 0.25 మిల్లీగ్రాములు) కనిపిస్తే మేత సగానికి తగ్గించి మర్నాడు మళ్ళీ చూడండి. 0.5 దాటితే 30 శాతం నీళ్ళు మార్చాలి. 1 పీపీఎం చేరితే ఆ రోజే సగం మార్చి, మర్నాడు మళ్ళీ కొలవాలి. నైట్రైట్‌కూ ఇదే లెక్క వాడుకోవచ్చు. ఈ అంకెల్ని పీహెచ్‌తో, అంటే నీరు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకెతో, కలిపి చదవాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో కిట్ చూపే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. అంటే కిట్ ఒకే రంగు చూపినా ఒక తొట్టిలో చేప హాయిగా ఈదుతుంటుంది, ఇంకో తొట్టిలో మొప్పలు ఎర్రబడి అడుగున పడి ఉంటుంది.

ఇక్కడే ఒక మినహాయింపు. నెలల తరబడి నీళ్ళు మార్చని పాత తొట్టిలో పీహెచ్ బాగా పడిపోయి ఉండొచ్చు. అందులో అమ్మోనియా ఎక్కువున్నా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. ఒకేసారి సగం నీళ్ళు మారిస్తే పీహెచ్ పెరిగి, మిగిలిన అమ్మోనియా విషంగా మారుతుంది. 'నీళ్ళు మార్చాకే చేపలు చచ్చిపోయాయి' అన్న ఫిర్యాదు వెనక తరచూ ఇదే ఉంటుంది. అలాంటి తొట్టికి రోజుకు 10 నుంచి 15 శాతం చొప్పున వారం రోజులు మార్చుకుంటూ రావాలి.

మేత సంగతి. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. చేప పొట్ట దాదాపు దాని కన్నంత ఉంటుందనే కొండగుర్తు పెట్టుకుంటే చిటికెడు మేత ఎంత ఎక్కువో అర్థమవుతుంది. మసక ఉన్న రోజుల్లో రోజు విడిచి రోజు వేసినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు ఏమీ కాదు. అడిగినట్టు అద్దం దగ్గరికి వచ్చి తోక ఊపడం ఆకలికి గుర్తు కాదు, అలవాటు.

నెలలుగా తేటగా ఉన్న తొట్టి ఉన్నట్టుండి తెల్లబడితే

అప్పుడది మామూలు విషయం కాదు, దేన్నో వెతకమని చెబుతోంది. ముందు చేపల్ని లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే రాళ్ళ సందులో, చెక్క వెనక, ఫిల్టర్ పైపు కింద చచ్చి కుళ్ళుతుండొచ్చు. పెద్ద నత్త చనిపోయినా అంతే, వాసన చూస్తే తెలిసిపోతుంది. తర్వాత మొక్కల మొదళ్ళు, జారుడుగా కరిగిపోతున్న ఆకులు తీసేయండి. ఆ తర్వాత ఫిల్టర్.

ఫిల్టర్ గంటల తరబడి ఆగిపోతే స్పాంజ్ లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కరెంటు వచ్చాక అలాగే స్విచ్ వేస్తే లోపల కుళ్ళిన నీళ్ళన్నీ ఒక్కసారిగా తొట్టిలోకి వస్తాయి. నాలుగైదు గంటలకు మించి ఆగి ఉంటే ముందు తెరిచి, లోపలి నీళ్ళు పారబోసి, స్పాంజ్ ఒకసారి పిండి అప్పుడు నడపాలి.

మందులు కూడా కారణమే. చేపల జబ్బుకు వేసే యాంటీబయాటిక్, మిథిలీన్ బ్లూ మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. వైద్యం ఎప్పుడూ వేరే తొట్టిలో చేయడమే పద్ధతి. పైగా మిథిలీన్ బ్లూ అంటితే అద్దాల మధ్య సిలికాన్ నీలంగానే మిగిలిపోతుంది.

స్పాంజ్ కడిగే తీరు ఒక్కటి మార్చుకున్నా ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. నీళ్ళు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్ళు ఒక బకెట్‌లో ఉంచి, స్పాంజ్‌ను అందులోనే నాలుగైదు సార్లు పిండండి. గోధుమరంగు పోవాలని చూడొద్దు, ధార మళ్ళీ వస్తే చాలు. కుళాయి నీటిలోని క్లోరిన్ చంపడానికే ఉన్నది, మంచి చెడు చూడదు. రెండు స్పాంజ్‌లుంటే ఒకదాన్ని ఈసారి, రెండోదాన్ని రెండు వారాల తర్వాత కడగండి. స్పాంజ్ కడిగిన రోజే రాళ్ళు కూడా శుభ్రం చేయొద్దు.

ఫిల్టర్ చిన్నదైతే ఎంత కడిగినా ఫలితం ఉండదు. గంటకు తొట్టి నీటికి నాలుగైదు రెట్లు తిప్పాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు తొట్టి లెక్కకు 54 లీటర్లు. అడుగున 5 సెంటీమీటర్ల రాళ్ళు, పైన ఖాళీ తీసేస్తే నిజంగా పట్టేది సుమారు 43. అంటే గంటకు 200 లీటర్లు కావాలి. కానీ పెట్టె మీద రాసే అంకె స్పాంజ్ లేకుండా, మురికి లేకుండా కొలిచింది, కాబట్టి 300 అని రాసినదే తీసుకోండి. గోల్డ్‌ఫిష్ ఉంటే దానికీ రెట్టింపు. అది తినేది ఎక్కువ, విసర్జించేది ఎక్కువ, రాళ్ళు తవ్వకుండా ఒక్క పూట ఉండలేదు.

పచ్చ నీళ్ళు

నీళ్ళు పచ్చగా మారితే ఏకకణ నాచు తేలుతోందని అర్థం. చేపలకు దీనివల్ల పగలు ఇబ్బంది లేదు, నాచు చిక్కగా ఉంటే రాత్రి మాత్రం అది కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది. నీళ్ళు మార్చి దీన్ని వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. అనుకూలంగా ఉంటే ఈ నాచు ఒకటి రెండు రోజుల్లో రెట్టింపవుతుంది. మీరు సగం తీసేస్తారు, ఎల్లుండికి అది లెక్క సరిచేసేస్తుంది. దూది పొరలోంచి కూడా చాలావరకు జారిపోతుంది, అంత సన్నం.

దాని ప్రాణం వెలుతురు. కాబట్టి ఇలా చేయండి:

1. మొదటి రోజు 40 నుంచి 50 శాతం నీళ్ళు మార్చి, రాళ్ళలో మురికి లాగేయండి.
2. లైటు తీసేసి, తొట్టి నాలుగు వైపులా, పైనా మందపాటి దుప్పటి గానీ నల్ల కవరు గానీ కప్పండి. ఒక సందు నుంచి వెలుతురు వచ్చినా లాభం లేదు. గాలి ఆడడానికి పైన కొంచెం వదులుగా ఉంచండి.
3. ఎయిర్ స్టోన్ ఆపకుండా నడపండి. చచ్చే నాచు కుళ్ళుతూ ఆక్సిజన్ తింటుంది, చీకట్లో మీరు చేపల్ని చూడలేరు కూడా.
4. మూడు నాలుగు రోజులు మేత వేయకుండా, తెరవకుండా ఉంచండి.
5. తెరిచిన రోజే మళ్ళీ సగం నీళ్ళు మార్చి, దూది మార్చి, అమ్మోనియా కొలవండి.

మొక్కలు ఈ నాలుగు రోజులు తట్టుకుంటాయి. తెరిచాక లైటు రోజుకు ఆరు గంటలకు మించనీయొద్దు, రెండు వారాలు బాగుంటే ఎనిమిదికి పెంచుకోవచ్చు. టైమర్ ప్లగ్ పెడితే మరచిపోయే బెడద ఉండదు. తొట్టి మీద నేరుగా ఎండ పడుతుంటే ఇవేవీ నిలవవు, తొట్టినైనా జరపాలి, తెరనైనా వేయాలి.

ఓపిక లేనివారికి యూవీ స్టెరిలైజర్ ఉంది, అంటే అతినీలలోహిత కిరణాలతో తేలే నాచును చంపే దీపం. ఇంటి తొట్టికి 5 నుంచి 9 వాట్లది చాలు. నీళ్ళు దాని గొట్టంలోంచి నెమ్మదిగా పోవాలి, వేగంగా పోతే కిరణాలు తగిలే సమయం చాలదు. సాధారణంగా వారం లోపు పచ్చదనం పోతుంది. అద్దానికి, ఆకులకు పట్టిన నాచును ఇది ఏమీ చేయలేదు. వెలిగే దీపాన్ని కళ్ళతో నేరుగా చూడొద్దు.

పసుపు రంగు, సున్నం, తుప్పు

చెక్క నుంచి వచ్చే టానిన్ రంగు చేపలకు హాని చేయదు, నచ్చితే ఉంచేయొచ్చు. నచ్చకపోతే చెక్కను రోజూ నీళ్ళు మారుస్తూ ఒకటి రెండు వారాలు నానబెట్టి అప్పుడు తొట్టిలో పెట్టండి. ఇప్పటికే రంగు వచ్చి ఉంటే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే లాగేస్తుంది. మూడు నాలుగు వారాలకు దాని శక్తి అయిపోతుంది, కొత్తది వేయాలి.

వెనిగర్ పరీక్షలో సున్నం అని తేలితే నీరు బాగా కఠినమైనదని అర్థం. పీహెచ్ పెంచే పొడి వేసిన వెంటనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పొడి ఆపేయండి, ఒకటి రెండు రోజుల్లో అడుగుకు దిగుతుంది. ఇనుము ఎక్కువున్న భూగర్భ జలం పట్టినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలాక నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ నీటిని బకెట్‌లో ఒక రోజు ఎయిర్ స్టోన్‌తో కదిలించి, తర్వాత కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే వాడాలి.

సీసా మందులు, పటిక

నీళ్ళు తేటపరిచే మందులు సన్నటి కణాల్ని ఒకదానికొకటి అతికించి ఫిల్టర్‌కు చిక్కేలా చేస్తాయి. దుమ్ముకు బాగానే పనిచేస్తాయి. బ్యాక్టీరియా మసకకు వేస్తే ఒక రోజు తేటపడి మళ్ళీ మొదటికొస్తుంది, తిండి అక్కడే ఉంది కదా. మోతాదు ఎక్కువైతే ఆ అతుకుడు పదార్థం చేప మొప్పల మీదా పడుతుంది. వేయక తప్పకపోతే నిజమైన లీటర్ల లెక్కతో, ఒకేసారి వేయండి, ఎయిర్ స్టోన్ నడుస్తూ ఉండాలి.

పటిక మాత్రం చేపలున్న తొట్టిలో వేయొద్దు. అది నీటిలోని క్షారతను తినేసి పీహెచ్‌ను ఉన్నట్టుండి పడేస్తుంది. ఉప్పు వేస్తే మసక పోతుందనేది ఒట్టి మాట. ఉప్పుకు వేరే ఉపయోగాలున్నాయి, ఇది కాదు.

నీళ్ళు మార్చే పద్ధతి

వారానికి 25 నుంచి 30 శాతం. పైన చెప్పిన 43 లీటర్ల తొట్టికి అది 11 నుంచి 13 లీటర్లు, ఒక మామూలు బకెట్. వెడల్పు నోరున్న సైఫన్ గొట్టాన్ని రాళ్ళలోకి గుచ్చి, మురికి లేచి గొట్టంలోకి పోయాక రాళ్ళు మళ్ళీ కింద పడేలా కొంచెం ఎత్తి, పక్క చోటికి జరపండి. ఒక్కసారికి అడుగులో మూడో వంతు చాలు. అంతా ఒకేరోజు తవ్వితే అడుగున ఏళ్ళుగా పేరుకున్నదంతా పైకి లేచి ఇంకో మసక మొదలవుతుంది.

పోసే నీళ్ళ వేడి తొట్టి నీళ్ళకు రెండు డిగ్రీల తేడా లోపు ఉండాలి. క్లోరిన్ అయితే వెడల్పు బకెట్‌లో 24 గంటలు ఉంచితే ఎగిరిపోతుంది. కొన్ని సరఫరాల్లో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) వాడతారు, అది అలా ఎగిరిపోదు. మీ నీటిలో ఏముందో తెలియకపోతే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) వేసే పోయండి, సీసా మీద రాసిన మోతాదుకు మించొద్దు.

మసక తగ్గుతోందా పెరుగుతోందా అన్నది రోజూ చూసే కంటికి అంత సులువుగా తెలియదు. అచ్చు అక్షరాలున్న చిన్న కాగితం ముక్కను తొట్టి ఒక చివర, అద్దానికి బయట అతికించండి. రోజూ ఒకే వేళకు రెండో చివర నుంచి పొడవునా చూడండి. నిన్న చదవలేని అక్షరం ఇవాళ చదవగలిగితే దారిలో పడ్డట్టే, ఇంకేమీ ముట్టుకోకండి. పది రోజులైనా మార్పు లేక, అమ్మోనియా సున్నానే చూపిస్తుంటే, కుళ్ళేది ఏదో ఇంకా లోపలే ఉంది. రాళ్ళ కింద, అలంకారపు బొమ్మల డొల్లల్లో, ఫిల్టర్ వెనక మూలల్లో మళ్ళీ వెతకండి.